‘ప్రియురాలు పిలిచింది’: అనుసరణ కళపై ఒక పరిశీలన

అనుసరణ అంటే పాత్రల పేర్లు మార్చి, గౌనుకు బదులు చీర కట్టించడం మాత్రమే కాదు. మూలకథను నడిపించే బాధకు సాటియైన బాధను కొత్త నేలపై వెదకి పట్టుకోవడమే అనుసరణ. ఇందుకు చక్కని ఉదాహరణ రాజీవ్ మీనన్ దర్శకత్వంలో 2000లో వెలువడిన తమిళ చిత్రం ‘కండుకొండేన్ కండుకొండేన్’. ‘ప్రియురాలు పిలిచింది’ అన్న పేరుతో తెలుగులోకి అనువదింపబడిన ఈ చిత్రానికి ఆధారం జేన్ ఆస్టెన్ 1811లో ప్రకటించిన ఆంగ్ల నవల ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’.

నవలలో ప్రణయం కంటె ముందు ఆస్తి ప్రసక్తి వస్తుంది. వృద్ధ బంధువు వీలునామా మూలంగా నార్లాండ్ ఎస్టేటు మగసంతతికి దక్కుతుంది. సవతి అన్న చెల్లెళ్ళకు 3,000 పౌనులు ఇవ్వదలచినా, భార్య నచ్చజెప్పగా చివరకు ఏమీ ఇవ్వడు. తల్లి, ముగ్గురు కుమార్తెలు ఏటికి 500 పౌనులతో ఒక చిన్న ఇంట తలదాచుకుంటారు. వివాహం తప్ప ఆ కన్యలకు వేరు దారి లేదు.

చిత్రంలో తాతగారి వీలునామా, తన ఇష్టానికి విరుద్ధంగా పెండ్లాడిన కుమార్తెను కాదని, కుమారునికి చెట్టినాడు మేడను కట్టబెడుతుంది. కర్నల్ బ్రాండన్ ఇక్కడ యుద్ధంలో కాలు పోగొట్టుకున్న సైనికాధికారి. విలోబీ, దివాలా తీసిన ఫైనాన్స్ వ్యాపారి. అన్నిటికన్న గమనింపదగినది టబు ధరించిన అక్క పాత్ర. ఆమె చెన్నైలో ఉద్యోగం సంపాదించి కుటుంబాన్ని నిలబెడుతుంది. ఎలినార్‌కు మూసి ఉన్న తలుపు ఈమెకు తెరుచుకుంది.

ఇదే కథను ఖమ్మంలోని ముస్లిం ఇంటికి తేవాలంటే రచయితకు చిక్కు ఎదురవుతుంది. షరీఅత్ ప్రకారం, వారసుల సమ్మతి లేనిదే, వీలునామా ఆస్తిలో మూడవ వంతును మించరాదు. కుమారుని వాటాలో సగం కుమార్తెకు నిశ్చితం. కనుక ఇక్కడ కాగితం కాదు, “అన్నకు వదిలెయ్యమ్మా” అనే బంధువుల మెత్తని మాటే ప్రతినాయకుడు కావాలి. నవలలోని వదినగారి ఆయుధం కూడ అదే! కథను భద్రాచలం అడవి అంచున ఉన్న కోయగూడేనికి తెస్తే, ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదన్న 1970 నాటి 1/70 చట్టాన్ని ఎరిగి ఉండాలి.

విద్యార్థులారా! అనుసరణకు పూనుకున్నపుడు, ఇల్లు ఎవరి పేరున ఉన్నదో ముందు విచారించండి. ప్రేమకథకు బలం అక్కడినుండే వస్తుంది. విద్యార్థినులు మాత్రం ఆ ప్రశ్నను కథలకే పరిమితం చేయక, తమ ఇంట కూడ అడిగి తెలుసుకోవడం మేలు.