చలికాలంలో విటమిన్ డి: దీపం కొనాలా, మాత్ర వేసుకోవాలా?



మీ పిల్లలు ఇంగ్లండులోనో, కెనడాలోనో ఉంటున్నారా? చలికాలంలో వారు ఫోను చేసి, "ఇక్కడ ఎండే లేదమ్మా, ఒళ్ళంతా నొప్పులు. అతినీలలోహిత దీపం ముందు కూర్చుంటే విటమిన్ డి వస్తుందట, కొనమంటావా?" అని అడగవచ్చు. వారికి ఏమి చెప్పాలో తెలుసుకుందాం.

ఎండ ఎందుకు చాలదు?

ఎండలోని అతినీలలోహిత 'బి' కిరణాలు తగిలినప్పుడు మన చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. తిన్న ఆహారంలోని కాల్షియం ఎముకలకు పట్టాలంటే ఇది కావాలి. ఇది లోపిస్తే పిల్లలకు రికెట్స్ వచ్చి కాళ్ళు వంకరపోతాయి. పెద్దలకు ఎముకలు మెత్తబడి నొప్పులు వస్తాయి.

బ్రిటన్‌లో అక్టోబరు నుండి మార్చి మొదటి వరకు సూర్యుడు బాగా కిందుగా ఉంటాడు. అందువల్ల ఈ కిరణాలు చాలినంతగా నేలకు చేరవు. మనవంటి చామనఛాయ చర్మానికి మరింత ఎక్కువ ఎండ కావాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ వెచ్చగా ఉన్నా, ఈ కిరణాలను అద్దం ఆపివేస్తుంది.

దీపం పని చేస్తుందా?

'బి' కిరణాల దీపమైతే చేస్తుంది. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు పాదరసపు దీపపు వెలుగుతో పిల్లల రికెట్స్ నయం చేశాడు. అయితే ఆ రోజుల్లో విటమిన్ డి మాత్రలు లేవు. ఈ కిరణాలే చర్మాన్ని కాలుస్తాయి, కళ్ళను దెబ్బతీస్తాయి, చర్మ క్యాన్సరు ముప్పును పెంచుతాయి. ప్రేగులు విటమిన్‌ను పీల్చుకోలేని కొందరు రోగులకు మాత్రం డాక్టరుగారు ఇటువంటి దీపం సూచించవచ్చు.

ఈ దీపాలతో పొరబడవద్దు

1. తెల్లని వెలుగు పెట్టె: చలికాలపు దిగులుకు వాడతారు. విటమిన్ డి ఇవ్వదు.
2. క్రిములను చంపే దీపం: కరోనా కాలంలో చాలామంది కొన్నారు. ఇందులోనివి 'సి' కిరణాలు. దీని ముందు కూర్చుంటే కళ్ళు, చర్మం కాలిపోతాయి.
3. చర్మం రంగు మార్చే పడకలు: ఇవి క్యాన్సరు కలిగించేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం 2009లో తేల్చింది.

మరి ఏమి చేయాలి?

- బ్రిటన్‌లో చలికాలమంతా రోజుకు 10 మైక్రోగ్రాములు, అనగా 400 యూనిట్ల విటమిన్ డి తీసుకోవడం మంచిదని అక్కడి ఆరోగ్యశాఖ సలహా. ఇది మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది.
- కొవ్వు చేపలు, గుడ్డు పచ్చసొన, విటమిన్ డి కలిపిన పాలు తీసుకోవాలి.
- నొప్పులు తగ్గకపోతే అక్కడి డాక్టరుకు చూపించుకొని, అవసరమైతే రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

ఇక్కడి నుండి 60,000 యూనిట్ల పొడి పొట్లాలు మీ అంతట మీరు కొని పంపకండి. అవి సాధారణంగా డాక్టరు చెప్పిన మీదట వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వాడేవి. రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, అతిదాహం కలుగుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

గుర్తుంచుకోండి: రోజుకొక చిన్న మాత్రతో తీరే లోటుకు కళ్ళను, చర్మాన్ని పణంగా పెట్టనక్కరలేదు. ఈసారి ఫోను వచ్చినప్పుడు పిల్లలకు ఈ మాట చెప్పండి.