జ్వరం తగ్గిన రోజున చూడవలసినవి



హనుమకొండ హాస్టళ్లలో వానాకాలం వచ్చిందంటే ఒకరి వెంట ఒకరు జ్వరంతో పడకేయడం మామూలే కనుక, ఇంటికి దూరంగా ఉండి చదువుకునే విద్యార్థికి ఫ్లూ గుర్తులేమిటో, గదిలో పడుకుంటే తగ్గేదెప్పుడో, ఆసుపత్రికి బయలుదేరవలసినదెప్పుడో ముందే తెలిసి ఉండాలి.

ఫ్లూ అనేది ఇన్‌ఫ్లుయెంజా వైరస్ శ్వాసమార్గానికి సోకడం వలన వచ్చే జ్వరం. సాధారణ పడిశం ముక్కు కారడంతో మెల్లగా మొదలైతే, ఇది ఉదయం తరగతికి వెళ్లినవాణ్ణి సాయంత్రానికి మంచం పట్టించేంత హఠాత్తుగా, చలితో, ఒళ్లునొప్పులతో, తలనొప్పితో, పొడిదగ్గుతో వస్తుంది. దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు 2009 మే నెలలో హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది. 2015 ఆరంభంలో తెలంగాణను కలవరపెట్టినదీ స్వైన్ ఫ్లూ కలిగించే ఆ హెచ్1ఎన్1 రకమే. ఇప్పుడది ఏటా వచ్చిపోయే ఫ్లూ రకాలలో ఒకటి.

స్వైన్ ఫ్లూ వ్యాపించిన రోజులలో కేంద్ర ఆరోగ్యశాఖ రోగులను ఏ, బీ, సీ తరగతులుగా విభజించిన పద్ధతి నేటికీ పనికివచ్చేదే. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్న ఏ తరగతివారికి పరీక్షతో గానీ వైరస్ మందుతో గానీ పనిలేదు. నలుగురిలో తిరగకుండా విశ్రాంతి తీసుకుంటూ, గంజి, నీళ్లు తాగుతూ, మోతాదు మించకుండా పారాసిటమాల్ వేసుకుంటూ, ఒకటి రెండు రోజులలో వైద్యునికి మరొకసారి చూపించుకుంటే చాలు. జ్వరం, గొంతునొప్పి తీవ్రంగా ఉన్నవారు, జ్వరం వచ్చిన గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, ఆస్తమా, మధుమేహం, గుండెజబ్బు వంటివి ఉన్నవారు బీ తరగతికి చెందుతారు. ఒసెల్టామివిర్ అనే వైరస్ మందు మొదటి 48 గంటలలో ఇచ్చినప్పుడే బాగా పనిచేస్తుంది కనుక, వీరు రెండు రోజులు చూద్దామని ఆగకూడదు. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, కఫంలో రక్తం, గోళ్లు నీలిరంగుకు మారడం, రక్తపోటు పడిపోవడం సీ తరగతి గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, అర్ధరాత్రి అయినా సరే, 108కి ఫోన్ చేసి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి చేరవలసిందే.

ఇంటివారు ఫోన్లో అడిగేది ఒకటే, జ్వరం తగ్గిందా అని. తగ్గిందన్న జవాబు వినగానే అందరూ నిశ్చింతపడతారు. ఆ నిశ్చింత అన్నివేళలా సరికాదు. ఫ్లూ జ్వరం తగ్గి, ఒకటి రెండు రోజులు తేలికపడిన మీదట మళ్లీ జ్వరమూ దగ్గూ పెరిగితే, బలహీనపడిన ఊపిరితిత్తులకు బాక్టీరియా సోకి న్యుమోనియా, అనగా ఊపిరితిత్తుల వాపు, మొదలైందని అనుమానించాలి. అదే వానాకాలంలో వరంగల్‌ను వేధించే డెంగీలోనైతే అసలు ప్రమాదం జ్వరం దిగే వేళకే, అంటే సాధారణంగా మూడవ రోజు మొదలు ఏడవ రోజు లోపల మొదలవుతుంది. రక్తనాళాల నుండి ద్రవం బయటికి జారే ఆ దశలో విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, చేతులు కాళ్లు చల్లబడడం కనిపిస్తాయి. దగ్గు, గొంతునొప్పి ఫ్లూ వైపును, కంటి వెనుక నొప్పి, ఒంటిపై దద్దుర్లు డెంగీ వైపును సూచించినా, డెంగీ అవునా కాదా అన్నది రక్తపరీక్షతో తేలవలసినదే. అంతవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని పెంచగలవు కనుక ముట్టకూడదు.

సెలైన్ ఎక్కించుకుంటేనే వైద్యం జరిగినట్లు భావించే అలవాటు ఈ ప్రాంతంలో పాతదే. నోటితో తాగగలిగినవానికి ఆ సీసా అదనంగా చేసే మేలు స్వల్పం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు.

మగత కమ్మినవాడు తన మగతను తాను గుర్తించలేడు. అందువలన జ్వరం వచ్చిన మొదటి రోజే గదిలోని స్నేహితునికి ఇంటి నంబరు ఇచ్చి, పూటకొకసారి పిలిచి మాట్లాడించమని, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోయినా, మాట తడబడినా రోగిని అడగకుండానే ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పి ఉంచాలి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న