తండ్రి యను మాటయు గాయపడిన హృదయమును

ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన తండ్రిని పిలుచు పిలుపుతో ఆరంభమగుచున్నది. మన పాఠశాలలో ప్రతి ఉదయమున ఆ ప్రార్థనను అందఱమును కలిసి చెప్పుచున్నాము. పలువురకు ఆ పిలుపు తేనెవలె మధురము; కొందఱకు ముల్లువలె గ్రుచ్చుకొనును. ఏలయనగా వారెఱిగిన తండ్రి త్రాగి వచ్చి తల్లిని కొట్టువాడు, లేక బిడ్డలను విడిచిపోయినవాడు, లేక ఎంత చదివినను మెచ్చుకొనక నిందించువాడు. దేవుడు నీకు తండ్రియని అట్టి బిడ్డతో మనము చెప్పునప్పుడు వాని మనస్సునకు ఏ ముఖము కనబడును?

ఇచట మా తప్పిదము నొకదానిని ఒప్పుకొనుట న్యాయము. వసతిగృహపు సాయంకాల ప్రార్థనలో నొక బాలుడు మొదటి మాటయందు నోరు మూసికొని, తరువాతి మాటలలో అందఱితో కలియుచుండెను. మేము దానిని అవిధేయతయని తలంచి, అందఱియెదుట వానిని నిలువబెట్టి మందలించితిమి. సెలవులకు ఇంటికి పోనని వాడు ఏడ్చినప్పుడుగాని వాని వీపుమీది మచ్చల సంగతి మాకు తెలియలేదు. వాని తండ్రివలెనే మేమును గద్దించితిమి గదా యని సిగ్గుపడితిమి. ఈ పాఠము ఆ బాలుని మూలమున మేము నేర్చుకొనినది.

1. మార్టిన్ లూథరు చరిత్ర

లూథరు 1483లో జర్మనీ దేశమందలి ఐస్లేబెన్ పట్టణమున జన్మించెను. తండ్రియగు హాన్స్ లూథరు మాన్స్‌ఫెల్డు నగరమున రాగిగనుల పనివలన వృద్ధికి వచ్చినవాడు, కష్టజీవి, కఠినుడు. ఒకమారు తండ్రి తన్ను మిక్కిలి కొట్టగా తాను పాఱిపోయితిననియు, పిమ్మట తండ్రియే తన్ను మరల దగ్గఱకు తీసికొనుటకు పాటుపడెననియు లూథరు పెద్దవాడైన పిదప చెప్పుకొనెను. కుమారుడు న్యాయవాది కావలెనని తండ్రి కోరెను. అయితే 1505లో ఉఱుములు పిడుగుల నడుమ భయపడి, సన్న్యాసినగుదునని మ్రొక్కుకొని, లూథరు ఎర్ఫర్టులోని మఠమున చేరెను. తండ్రి మండిపడెను.

మఠమునందును లూథరునకు శాంతి లేదు. క్రీస్తు వానికి రక్షకుడుగాక కోపించు న్యాయాధిపతిగా తోచుచుండెను. 1507లో మొదటి పూజ చేయునప్పుడు దేవునితో మాటలాడుటకు వణకెను. అప్పుడు వానిని ఆదరించినవాడు మఠాధికారియగు స్టౌపిట్సు. ఆయన వానిని గద్దింపలేదు. పదేపదే వచ్చి మొఱపెట్టుకొనుచుండగా ఓపికతో విని, నీ భయములను చూడక క్రీస్తు గాయములను చూడుమని త్రిప్పెను. 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో అదే లూథరు, ప్రియమైన బిడ్డలు ప్రియమైన తండ్రిని అడుగునట్లు ధైర్యముగా ప్రార్థింపవచ్చునని బోధించెను. 1530లో తండ్రి మరణవార్త రాగా కీర్తనల గ్రంథమును చేతబట్టి గదిలోనికి పోయి ఏడ్చెను.

తండ్రి కాఠిన్యమే లూథరుని భయమునకు మూలమని ఎరిక్ ఎరిక్సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1958లో నొక గ్రంథము వ్రాసెను. చరిత్రకారులు పలువురు దానిని పూర్తిగా ఒప్పుకొనలేదు. ఆ కాలపు బోధయు భయమును పెంచినది. కావున ఒక్క కారణమునే పట్టుకొని మనిషిని తూచరాదు.

2. పరిశుద్ధ గ్రంథము చూపు మార్గము

గ్రంథము చెడ్డ తండ్రులను దాచదు. సౌలు తన కుమారుడైన యోనాతానుమీద ఈటె విసరెను. ఆహాజు తన కుమారుని అగ్నిగుండము దాటించెను. వాని మఱియొక కుమారుడగు హిజ్కియా దేవునియందు నమ్మికయుంచిన రాజుగా పేరొందెను. తండ్రి నడచిన త్రోవ బిడ్డకు తప్పని త్రోవ కాదని దీనివలన తేటపడుచున్నది. 27వ కీర్తన తలిదండ్రులు విడిచినవానిని దేవుడు చేరదీయునని చెప్పుచున్నది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయము, శరీరసంబంధులైన తండ్రులు తమకు తోచినట్లు శిక్షించుటకును, దేవుడు మన మేలుకై శిక్షించుటకును గల భేదమును చూపుచున్నది.

ఇందు వరుసను గమనింపవలెను. మన తండ్రిని చూచి దేవుడిట్టివాడని కొలువరాదు. క్రీస్తునందు కనబడిన దేవుని చూచి, తండ్రి యెట్లుండవలెనో తెలిసికొనవలెను.

3. ఆదరించువారు చేయవలసినది

మొదట వినుడు. కథ ముగియకమునుపే క్షమించుమని తొందరపెట్టకుడు. క్షమాపణ పుండు కడిగిన పిమ్మట వేయు కట్టువంటిది. తండ్రియను పిలుపు నోట రానిచో బలవంతము వలదు. కాపరి, కోట, ఆశ్రయము అను నామములతోను కీర్తనకారులు దేవుని పిలిచిరి. ఆ ద్వారమున ప్రవేశింపనిండు.

సన్మానించుట యనగా దెబ్బలను దాచుట కాదు. యోనాతాను తండ్రి కోపమును దావీదునకు తెలిపి వాని ప్రాణము కాపాడెను. అయినను గిల్బోవ యుద్ధమున తండ్రితోకూడ మరణించెను. నిజము చెప్పుటయు ప్రేమించుటయు ఒక హృదయమందే యుండగలవు. ఇంట హింస జరుగుచున్నచో, విద్యార్థులారా, నమ్మదగిన ఉపాధ్యాయునితో వెంటనే చెప్పుడు. బాలల సహాయమునకు 1098 అను టెలిఫోను సంఖ్య కలదు.

4. తండ్రులకొక మనవి

అయ్యలారా, మీ బిడ్డలు దేవుని గూర్చి నేర్చుకొను మొదటి పాఠము మీ ముఖమే. బెత్తము ప్రక్కన ఆపిలుపండు కూడ నుండవలెనని లూథరు చెప్పుచుండెడివాడు. మేము బెత్తమును విడిచితిమి. పండును మాత్రము మీరును మేమును మఱవకుందము గాక. తప్పు చేసితిమని బిడ్డయెదుట ఒప్పుకొనిన తండ్రి గౌరవము తగ్గదు.

ఆ బాలుని సంగతి తెలుపవలెను. మేము వానిని పిలిచి క్షమింపుమని అడిగితిమి. వాడేమియు పలుకలేదు. చాల నెలలు మొదటి మాట లేకయే ప్రార్థించెను, మేమును వేచియుంటిమి. ఒక సాయంకాలమున ఆ మాట వాని నోట మెల్లగా వినబడెను. మేము తల యెత్తి చూడలేదు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. స్టౌపిట్సు లూథరునకు చేసిన మేలెట్టిది?
2. యోనాతాను తండ్రియెడల సత్యమును ప్రేమను ఎట్లు నిలుపుకొనెను?
3. మీ తరగతిలో మౌనముగా నుండు స్నేహితునికి మీరేమి చేయగలరు?