తవ్వడం ఒక్కటే కాదు, నమోదు చేయడమూ రావాలి: ఖరగ్‌పూర్ విద్యార్థులకు పురావస్తు రంగం

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగు పిల్లలకు ఇంట్లో వినిపించే దారులు మూడే: రైల్వే, బ్యాంకు, సాఫ్ట్‌వేర్. చరిత్ర మీద ఇష్టం ఉన్నవారు హయ్యర్ సెకండరీ అయ్యాక దాన్ని పక్కన పెట్టేస్తారు. పెట్టనక్కర్లేదు. చరిత్ర, సైన్సు, కంప్యూటరు మూడూ కలిసే రంగం పురావస్తు శాస్త్రం.

పని తీరు

తవ్విన మట్టి పొరను మళ్లీ యథాస్థితికి తేలేం. కుండపెంకు ఏ పొరలో, ఎంత లోతున, దేని పక్కన దొరికిందో రాసుకోకపోతే అది వట్టి పెంకే. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిగాయి. తర్వాత ఆ లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునిగింది. తరలించిన కట్టడాలు, వస్తువులు పోగా ఆ లోయ గురించి మనకు తెలిసినది చాలావరకు అప్పటి డ్రాయింగులు, ఫొటోలు, నివేదికల పుణ్యమే.

ఇప్పుడు ఆ నమోదు డిజిటల్ అయింది. టోటల్ స్టేషన్ అనే కొలత పరికరంతో ప్రతి వస్తువు స్థానాన్నీ కొలుస్తారు. డ్రోన్ ఫొటోలను కలిపి త్రీడీ నమూనా తయారుచేస్తారు. భూమిలోకి రాడార్ తరంగాలు పంపి, తవ్వకముందే గోడల జాడ వెతుకుతారు. జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) మ్యాపులో పాత నదీ మార్గాలను, ఊరి దిబ్బలను పక్కపక్కన చూస్తారు. వివరాలు సరిగా దాచిపెడితే పదేళ్ల తర్వాత ఇంకొకరు అదే సమాచారాన్ని కొత్త ప్రశ్నతో పరిశీలించవచ్చు. లేబుల్ తప్పు రాస్తే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచేయలేదు.

మన ఊళ్లోనే ఉదాహరణ

ఐఐటీ ఖరగ్‌పూర్ భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రంగంలో పెద్ద పనే చేశారు. హర్యానాలోని భిర్రానాలో దొరికిన జంతువుల పళ్లు, ఎముకల్లోని ఆక్సిజన్ ఐసోటోపులను కొలిచి, హరప్పా కాలంలో రుతుపవనాలు ఎలా బలహీనపడ్డాయో 2016లో వివరించారు. గుజరాత్‌లోని వడ్‌నగర్‌లో పురావస్తు సర్వేక్షణ శాఖ తదితర సంస్థలతో కలిసి చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. క్రీ.పూ. 800 నాటికే అక్కడ జనావాసం ఉందనడానికి ఆధారాలను అది ముందుకు తెచ్చింది. పార పట్టినవారు, ప్రయోగశాలలో కొలిచినవారు కలిస్తేనే ఇలాంటి ఫలితం వస్తుంది. కాబట్టి జియాలజీ, కెమిస్ట్రీ, కంప్యూటర్ సైన్స్ చదివినవారికీ ఇక్కడ చోటుంది.

ఏం చదవాలి?

డిగ్రీలో చరిత్ర, ఆంత్రోపాలజీ, జియాలజీ వంటివి తీసుకోవచ్చు. పీజీకి కలకత్తా విశ్వవిద్యాలయం, పుణెలోని డెక్కన్ కాలేజీ పేరున్నవి. పీజీ తర్వాత గ్రేటర్ నోయిడాలోని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ల డిప్లొమా ఉంది. అధ్యాపకులు, పరిశోధకులు కావాలనుకునేవారు యూజీసీ నెట్‌లో ఆర్కియాలజీ సబ్జెక్టు రాయవచ్చు. అర్హతలు, తేదీలు తాజా నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

ఉద్యోగాలు

కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాఖ, రాష్ట్రాల పురావస్తు శాఖలు, మ్యూజియంలు, విశ్వవిద్యాలయాలు ప్రధాన అవకాశాలు. శాశ్వత ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. మొదట్లో ప్రాజెక్టు పనులతోనే నెట్టుకురావాల్సి రావచ్చు. జీఐఎస్, డేటాబేస్, త్రీడీ నమోదు చేతిలో ఉంటే వేరే రంగాల్లోనూ పని దొరుకుతుంది. ఇంట్లోవాళ్లకు ఈ ఇబ్బందినీ, ఈ అవకాశాన్నీ రెండూ దాచకుండా చెప్పండి.

ఇప్పుడే ఏం చేయొచ్చు?

ఉచితంగా దొరికే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోండి. ఐఐటీ ఖరగ్‌పూర్ అభివృద్ధి చేసిన జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని వాడండి. మద్రాసు బళ్లు వెళ్లే లైనులోనే ఉన్న దాంతన్ దగ్గరి మొగల్‌మారి బౌద్ధ విహారాన్ని చూసి రండి. కలకత్తా విశ్వవిద్యాలయం 2003-04లో తవ్వకాలు మొదలుపెట్టిన చోటది. ఇటుకల వరసను కాగితం మీద గీయండి, దిక్కు, కొలత, తేదీ రాయండి. ఎక్కడా సొంతంగా మాత్రం తవ్వకండి. దానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.

మీకు మరో బలం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, బడిలో ఇంగ్లిష్. తవ్వకం జరిగే ఊళ్లో పెద్దల మాట వినడానికి, పాత శాసనాల లిపి నేర్చుకోవడానికి ఈ భాషలే పెట్టుబడి. వీటికి తోడు ఓపికగా, నిజాయితీగా నమోదు చేసే అలవాటు పెంచుకోండి. ఈ రంగంలో మిమ్మల్ని నిలబెట్టేది అదే.