దిబ్బ కాదు, దీపాలదిన్నె!

(చారిత్రక స్థలాలు, మ్యూజియాల సందర్శనపై పాఠకుల సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: మా ఎనిమిదో తరగతి పిల్లల్ని అమరావతి తీసుకెళ్దామనుకుంటున్నాం. పోయినేడు వెళ్ళొచ్చిన మా తోటి టీచరు "అక్కడేముందండీ, గుండ్రటి దిబ్బ, నాలుగు రాళ్ళు. అసలైనవన్నీ లండన్‌లోనే ఉన్నాయి" అన్నారు. వెళ్ళమంటారా, మానమంటారా?
- ఒక ఉపాధ్యాయిని, సత్తెనపల్లి

జవాబు: వెళ్ళండి. మీ తోటి టీచరుగారు తిరగేసి చూసినట్టున్నారు. ముందు దిబ్బ దగ్గరికి పోతే దిబ్బే కనపడుతుంది. ముందు మ్యూజియంలోకి నడిపించండి. ఆ దిబ్బ ఒకప్పటి బౌద్ధ స్తూపం. ఆ స్తూపం రూపాన్నే చెక్కిన రాతిపలక అక్కడ ఉంది. పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా పది నిమిషాలు వదిలెయ్యండి. తర్వాత నోటుపుస్తకంలో బొమ్మ గీయమనండి. పైన గొడుగు, చుట్టూ ప్రాకారం, గుమ్మం దగ్గర సింహాలు, మధ్యలో వరసగా నిలబడ్డ ఐదు స్తంభాలు. వాటిని ఆయక స్తంభాలంటారు. నాలుగు దిక్కులా ఐదేసి ఉండేవి. ఆ కాగితం చేతపట్టుకుని దిబ్బ దగ్గరికి వెళితే, దిక్కుకొకటిగా బయటికి పొడుచుకొచ్చిన వేదికలను పిల్లలే వెతికి పట్టుకుంటారు. ఇక అది దిబ్బలా కనపడదు.

లండన్ మాట సగమే నిజం. ఊరివాళ్ళు దీపాలదిన్నె అనుకునే ఈ చోటికి ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1797లో వచ్చేనాటికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతి పట్నం కట్టిస్తున్నారు. స్తూపం రాళ్ళు కొన్ని గోడల్లోకి, మెట్లలోకి పోయాయి. కొన్నిటిని సున్నానికి కాల్చేశారు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. అక్కడినుంచి 1859లో లండన్ వెళ్ళాయి. అయితే చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఇప్పటికీ పెద్ద గది నిండా అమరావతి శిల్పాలున్నాయి. మదమెక్కిన నలగిరి ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ, అదే చక్రంలో పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లుతూ కనిపించే శిల్పం అక్కడిదే. పిల్లలకు చూపించడానికి ఫొటో ఒకటి ప్రింటు తీయించి పట్టుకెళ్ళండి.

ఇంకో మాట. ఇంగ్లీషువాళ్ళు వీటిని 'మార్బుల్స్' అన్నారు గానీ ఇది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. మన ఇళ్ళల్లో పరుచుకునే నాపరాయికి చుట్టమే. ఈ సంగతి చెబితే పిల్లలు ఇంటికెళ్ళి నేల తడిమి చూస్తారు.

ప్రశ్న: అత్తగారికి ఒక్కరోజులో చార్మినార్, సాలార్‌జంగ్, గోల్కొండ చూపించాలి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. శుక్రవారం సెలవు పెట్టాను. ఎలా వెళితే బాగుంటుంది?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు సెలవు మార్చుకోండి, శుక్రవారం సాలార్‌జంగ్ మూసేస్తారు. (అమరావతి మ్యూజియానికీ శుక్రవారమే సెలవు. సత్తెనపల్లి టీచరుగారూ, విన్నారా?) మూడూ ఒకరోజు పని కాదు. పొద్దున సాలార్‌జంగ్‌కు వెళ్ళి, పన్నెండు కొట్టే వేళకు గడియారం ముందు ఉండండి. చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి లెక్క తప్పకుండా పన్నెండు దెబ్బలూ కొట్టి వెళతాడు. తర్వాత మేలిముసుగు రెబెక్కా శిల్పం. ముసుగూ రాయే, ముఖమూ రాయే, అయినా ముసుగులోంచి ముఖం కనపడుతుంది. సాయంత్రం చార్మినార్. గోల్కొండకు ఇంకోరోజు వెళ్ళండి. పైదాకా సుమారు 360 మెట్లు. అత్తగారిని కింద ద్వారం గుమ్మటం దగ్గరే కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమనండి. మీరు బాలాహిస్సార్ ఎక్కి వినండి. అల్లుడు పైదాకా ఎక్కాడా లేదా అన్న అనుమానం కూడా ఆవిడకు మిగలదు.

ప్రశ్న: మా చెరువు కట్ట మీద తూము పక్కన అక్షరాలున్న రాయి ఒకటుంది. గుప్తనిధి దారి చెప్పే రాయని ఊళ్ళో అంటారు. శుభ్రం చేసి సున్నం వేయిద్దామనుకుంటున్నాం. చదవడం ఎలా?
- ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: సున్నం వద్దు. నూనె, యాసిడ్, ఇనుప బ్రష్ అసలే వద్దు. అక్షరం లోతంతా ఒక గోరు మందం ఉంటుంది. సున్నం ఒక్క పూతతో దాన్ని పూడ్చేస్తుంది. ఊరివాళ్ళు పసుపూ కుంకుమా పెడుతుంటే మాత్రం తగువు పడకండి. ఇన్నాళ్ళూ ఆ రాయిని ఎవరూ గడపరాయి చేసుకోకుండా కాపాడింది ఆ పసుపే కావచ్చు.

చీకటి పడ్డాక వెళ్ళండి. టార్చిని ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. రాయికి ఆనించినట్టు పక్కనుంచి వేస్తే ప్రతి గీతా నీడ పట్టి లేచి నిలబడుతుంది. ఎడమనుంచి, కుడినుంచి, కిందనుంచి ఒక్కో ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టండి. నాలుగు వైపులా చూడండి, శాసనం వెనక్కి కూడా తిరిగి ఉండొచ్చు.

'శకవర్షంబులు' అన్న మాట దొరికితే అదృష్టమే. అక్కడున్న అంకెకు 78 కలపండి. రామప్ప గుడి శాసనంలో శకం 1135, శ్రీముఖ సంవత్సరం అని ఉంటుంది. 1135కు 78 కలిపితే 1213. సరిచూసుకోవడానికి సంవత్సరం పేరు ఉండనే ఉంది. 1993 కూడా శ్రీముఖే. మధ్యలో 780 ఏళ్ళు, అంటే సరిగ్గా పదమూడు అరవై ఏళ్ళ చక్రాలు.

ఇక నిధి సంగతి. ఇలాంటి రాళ్ళలో ఎక్కువ భాగం దానపత్రాలు. ఎవరు, ఎవరికి, ఎంత భూమి ఇచ్చారు, సరిహద్దులేమిటి అని రాసుకున్న ఆనాటి రిజిస్ట్రేషన్ కాగితాలన్నమాట. పైన సూర్యచంద్రులను చెక్కితే ఆ దానం వాళ్ళున్నంతకాలం చెల్లాలని. చివర శాపం ఉంటుంది. దానం చేసిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పడి ఉంటాడని. నిధి కోసం నందుల పొట్టలు పగలగొట్టేవాళ్ళకు ఈ చివరి పంక్తి చదివి వినిపించాలి. పురుగు శాపానికి జంకకపోతే చట్టం ఉంది. భూమిలో పాతిపెట్టిన పాత సొత్తు ఏది దొరికినా, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం. ఆ పది రూపాయలు ఇప్పటికీ పదే! ఫొటోలు తహసీల్దారుకూ, హెరిటేజ్ తెలంగాణ శాఖకూ పంపండి.

ప్రశ్న: డిసెంబరులో పిల్లలతో వస్తున్నాం. తొమ్మిదేళ్ళు, పన్నెండేళ్ళు. గుళ్ళంటే విసుక్కుంటారు. ఒక్కచోటు చెప్పండి.
- ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఆ 1213 గుడే, రామప్ప. 2021లో యునెస్కో జాబితాకెక్కింది. బయట చూరు కింద నల్లరాతి మదనికలున్నారు. "వాళ్ళలో ఒకావిడ హైహీల్స్ వేసుకుంది, ముందు ఎవరు కనిపెడతారో చూద్దాం" అని పందెం వెయ్యండి. శిఖరం నీళ్ళలో తేలే ఇటుకలతో కట్టారనీ, పునాదిలో ఇసుక నింపారనీ ఆ తర్వాత చెబుదురుగాని.

ప్రశ్న: లేపాక్షిలో వేలాడే స్తంభం కింద తువ్వాలు దూరిస్తే మంచి జరుగుతుందట. నిజమేనా?
- ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: మంచి సంగతేమో గానీ తువ్వాలు మాసిపోవడం మాత్రం ఖాయం. అందరూ వంగి ఆ సందు వంక చూస్తూ నెత్తిమీద ఉన్నదాన్ని వదిలేస్తారని నా బాధ. కప్పు మీద విజయనగర కాలపు చిత్రాలు. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ పొడుగు కుళ్ళాయిలతో నిలబడి ఉంటారు. ఆడవాళ్ళ చీరలు ఒకదానిలా ఇంకోటి ఉండవు. ఫ్లాష్ వెయ్యకండి, రంగులకు హాని. మెడ నొప్పి పుడితే, కాపలా ఆయన్ని అడిగి, ఆ తువ్వాలే పరుచుకుని వెల్లకిలా పడుకుని చూడండి.