పాత మ్యాక్సీ క్యాబ్‌కు కొత్త టైర్లు: కొనే ముందు ఇవి చూడండి

‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం (ఆంధ్రప్రదేశ్, 2025) కింద సొంత బండి నడుపుకునే ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి రూ.15,000 సాయం. ఆ డబ్బుతో టైర్లు మార్చేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి.

1. బరువు: టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె చూడండి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు, 100 అంటే 800 కిలోలు మోస్తుంది. బండి కంపెనీ చెప్పిన అంకె కంటే తక్కువది చవగ్గా వచ్చినా వద్దు. నిండా జనం, పైన సామాను ఎక్కితే తట్టుకోదు.

2. తేదీ: 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైంది. షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్న టైరు తీసుకోకండి.

3. జత: ఒకే ఇరుసుకు రేడియల్, నైలాన్ కలపొద్దు. రెండూ ఒకేసారి మార్చండి.

4. గాలి: టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించండి. గాలి తగ్గితే టైరు వేడెక్కి పగులుతుంది.

బిల్లు తప్పక తీసుకోండి. వారంటీకి అదే ఆధారం.