క్షయక్రిమియు దేహరక్షణయు

మన ప్రాంతమున ఒకే వ్యాధికి రెండు పేర్లు వినబడుచుండును. ఇంట మనము క్షయ యందుము. హోసూరు, కృష్ణగిరి వైద్యశాలలలో తమిళమున దానినే కాసనోయ్ అందురు. క్షయ మనగా తరుగుట. కాస మనగా దగ్గు. నోయ్ అనునది మన ‘నొప్పి’కి చుట్టమైన మాట. ఈ రెండు పేర్లలోను కనబడని కారణమును 1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్ట్ కోక్ అను వైద్యుడు వెల్లడించెను. ఇది సూక్ష్మక్రిమివలన కలుగు వ్యాధి. కనుక పూర్వజన్మ పాపమును గాదు, వంశదోషమును గాదు. ఆ క్రిమి లోపల ప్రవేశించిన పిమ్మట మన దేహము ఏమి చేయునో తెలిసికొందము.

రోగి దగ్గినపుడు గాలిలో తేలు సన్నని తుంపురులతో క్రిములు మరియొకరి ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తులను చేరును. అచ్చట కావలియున్న భక్షకకణములు వానిని మ్రింగును. ఇతర క్రిములైనచో కథ తరచుగ ఇంతటితో ముగియును. క్షయక్రిమికి మైనమువంటి దళసరి కవచమున్నది. తన్ను మ్రింగిన కణమునకు జీర్ణము గాక, దాని లోపలనే అది పెరుగసాగును. శత్రువు మన భటుని కడుపులోనే కోట కట్టుకొన్నట్లయినది!

కొన్ని వారములలో టి-కణములు అను మరియొక దళము క్రిమిని గుర్తించి వచ్చును. వాని ప్రేరణచే భక్షకకణములు బలపడి, క్రిమి యున్న తావు చుట్టును మూగి, చిన్న బొడిపెగా నేర్పడును. 1791లో ఆంగ్లసైన్యము కృష్ణగిరి దుర్గముపై దాడి చేసి, పట్టుకొనజాలక వెనుదిరిగినది. కోటను గెలువలేని సైన్యము, లోపలివారు వెలుపలికి రాకుండ చుట్టును కాపుండవలసినదే గదా. దేహము చేయునదియు అట్టి ముట్టడియే. క్రిములన్నియు చావవు, వెలుపలికిని రాజాలవు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగవ వంతు మందికి ఈ క్రిమి సోకియున్నదని అంచనా. వారిలో నూటికి అయిదు మొదలు పదిమందికి మాత్రమే జీవితకాలమున వ్యాధి పైకి వచ్చును. తక్కినవారు రోగులు గారు; వారివలన ఇతరులకు సోకదు.

ముట్టడి సడలించునవి పలు గలవు: మధుమేహము, పొగత్రాగుట, హెచ్.ఐ.వి., అన్నింటికంటె మన దేశమున అర్ధాకలి. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశోధనలో, రోగుల ఇంటివారికి నెలనెలా ఆహారము నిచ్చినందున వారిలో క్షయ తలెత్తుట నూటికి 39 పాళ్లు తగ్గినది. ఇచ్చినది ముఖ్యముగా బియ్యమును పప్పును!

ఇక విచారకరమైన సంగతి. ఊపిరితిత్తులు పాడగుట అంతయు క్రిమి చేసిన పని గాదు. దీర్ఘకాలపు పోరులో బొడిపె నడిభాగము చచ్చి, జున్నువలె మెత్తబడి, కరగిపోవగా గుహవంటి ఖాళీ మిగులును. ఆ కరగుటలో మన రక్షణకణముల ఎంజైములకును పాలున్నది. మనయందు అరుదుగ కనబడు సిస్టిక్ ఫైబ్రోసిస్ అను జన్యువ్యాధిలోను ఇట్టిదే జరుగును. శ్వాసనాళములలో చిక్కని జిగురు నిలిచి, సూడోమోనాస్ అను క్రిమి ఏండ్లతరబడి తిష్ఠవేయును. దానిని చంపవచ్చిన తెల్లకణముల ఎంజైములే నాళముల గోడలను తినివేయును. ఎలుకమీది కోపమున ఇంటికి నిప్పు పెట్టుట యన్న ఇదియే.

మందులు లేని కాలమున రోగికి మంచిగాలి, విశ్రాంతి, ఆహారము నిచ్చి దేహబలమును పెంచజూచెడివారు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో నెలకొన్న వైద్యశాల అట్టిదే. మందులు వచ్చిన పిమ్మట 1956లో మదరాసున మొదలైన పరిశోధన గొప్ప సంగతిని తేల్చినది. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో నుండియు, ఏడాదిపాటు ఇంటనే మందు పుచ్చుకొన్న పేదరోగులకు, శానిటోరియములోని వారికి వలెనే నయమైనది. అందువలన ఇంటివారికి సోకు ప్రమాదమును పెరుగలేదు. ఈ ఫలితము 1959లో వెలువడినది. చికిత్సలోనున్న రోగిని వెలివేయువారికి ఆనాటినుండియు శాస్త్రాధారము లేదు. అయినను రోగమును దాచు ఇండ్లు నేటికిని గలవు.

నేడు సాధారణ క్షయకు ఆరునెలల మందు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. తల్లిదండ్రులనుండి మేము వినుచుండు ప్రశ్న యొకటి కలదు: రెండు నెలలకే దగ్గు పోయి, బిడ్డ బరువెక్కినపుడు ఇంకను నాలుగు నెలలు ఎందుకని. సమాధానము ఆ ముట్టడిలోనే యున్నది. కొన్ని జాతుల క్రిములు 20 నిమిషములకే రెట్టింపగును. క్షయక్రిమి ఇంచుమించు 20 గంటలు తీసికొనును. బొడిపెలలో నిద్రాణమై యున్నవి దాదాపు పెరుగనే పెరుగవు. మందులు చురుకుగ పెరుగువానిని త్వరగ చంపును. అందుచే మొదట చచ్చునవి మేలుకొన్నవే. నిద్రించునవి మేల్కొనునప్పటికి మందు ఎదుట నుండవలెను. నడుమ మానినచో మిగిలినవి మరల పెరుగును; మందునకు లొంగని జాతియు వానియందు ప్రబలవచ్చును. అప్పుడు రోగి దగ్గుతో ఇంటిలోని పసిబిడ్డకు సోకునది ఆ లొంగని క్రిమియే.